మంత్రిగారి నాన్న కళ్లు

"పెట్టుకో నాన్నా. ఒక్క రెండు గంటలు. అంతే కదా!"

నల్లకళ్లద్దాలు చేత్తో పట్టుకుని మోహనకృష్ణ తండ్రి మంచం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొన్న బుధవారం రాజీనామా ఇచ్చేదాకా ఆయన కేంద్రమంత్రి. పెద్దపెద్ద అధికారులు ఆయన గుమ్మం ముందు గంటలకొద్దీ నిలబడ్డారు. అలాంటి మనిషి బెంగాల్ రైల్వే ఊళ్లో, ఝపటాపూర్ పేటలోని ఈ రెండు గదుల ఇంట్లో గచ్చు మీద మోకరిల్లి, ఎనభై నాలుగేళ్ల ముసలాణ్ని బతిమాలుకుంటున్నాడు.

"ఒద్దురా," అన్నాడు జగ్గారావు. "ముప్పై ఎనిమిదేళ్లు పెట్టుకున్నాను. ముక్కు మీద కాయ కాసిపోనాది. ఇంకొద్దు."

"పదకొండింటికి డాక్టర్లొస్తారు. నీకు చూపు లేదని వాళ్లు రాస్తే సోమవారానికి నేను మళ్లీ మంత్రిని. నీకు చూపుందని తేలితే నేను జైలుకి పోతాను. అర్థమవుతోందా?"

"అర్థమవకేటి? ముసిలోణ్ణి గానీ మొద్దుని కాను. ఆ రోజు నాకు సూపు బాగానే ఉండీది, కొడుక్కి ఉజ్జోగం కోసం గుడ్డోడిలాగ నటించినాను అని సెప్పీస్తాను. ఆ పైన ఆళ్లిష్టం."

వంటింటి గుమ్మంలో ఆయన కూతురు సత్యవాణి చేట పట్టుకుని నిలబడింది. చేటలో బియ్యం ఎప్పుడో ఏరడం అయిపోయింది. అయినా వేళ్లు ఇంకా ఏరుతూనే ఉన్నాయి.

"నువ్వు మాత్రం నోరిప్పకమ్మీ," అన్నాడు జగ్గారావు ఆమె ఉన్న వైపు తల తిప్పి. "నీకేటీ తెల్దు. ఎవలడిగినా అదే మాట."

ఈ అన్‌ఫిట్ సంగతి తెలియని తెలుగిల్లు ఆ ఊళ్లో లేదు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మనిషికి ఒంట్లో ఏదో చెడి ఇక పనికిరాడని డాక్టర్లు రాస్తే, ఆ ఇంటి కొడుక్కి ఉద్యోగం వచ్చేది. న్యాయంగా చెడినవాళ్లూ ఉన్నారు, చెడనివాళ్లూ ఉన్నారు. "మీ అయ్య అన్‌ఫిట్ ఎప్పుడర్రా?" అని, పిల్ల పెళ్లెప్పుడని అడిగినంత మామూలుగా అడిగేవారు. ఒకరి గుట్టు ఇంకొకరు బయటపెట్టే ప్రసక్తే లేదు. అందరిదీ అదే బతుకు మరి.

మోహనకృష్ణ అప్రెంటిస్ పరీక్ష రెండుసార్లు తప్పిన ఏడు, జగ్గారావు కళ్లు ఎంచుకున్నాడు. అప్పటికి ఆయనకి నలభై ఆరు. గోల్‌బజార్‌లో ఈ చివర నిలబడి ఆ చివర చేపల తట్టలో ఏ చేప ఉందో చెప్పగల మనిషి. నెల రోజులు పెరట్లో సాధన చేశాడు. మొహం ముందు తడి తువ్వాలు టపీమని విదిలిస్తే రెప్ప పడకూడదు. విదిలించేది పదహారేళ్ల సత్యవాణి. మొదటివారం ప్రతిసారీ రెప్ప పడింది. నాలుగోవారానికి, తువ్వాలు కొస ముక్కుకి తగిలినా ఆ కళ్లు కదల్లేదు.

అలా వచ్చిన ఉద్యోగంతో మోహనకృష్ణ యూనియన్‌లోకెళ్లాడు, యూనియన్ నుంచి పార్లమెంటుకెళ్లాడు. 'గుడ్డి కార్మికుడి కొడుకు' అని గోడగోడకీ పోస్టర్లు. నల్లద్దాల తండ్రి చెయ్యి కొడుకు భుజం మీద ఉంటుంది అందులో. అసలు ఆ చెయ్యి ముప్పై ఎనిమిదేళ్లుగా ఎవరి భుజం మీద ఉందో పోస్టరు వేసినవాళ్లకి అక్కర్లేదు. వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోయింది, "నాన్నని ఎవరు నడిపిస్తారు?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర. సత్యవాణికిప్పుడు యాభై నాలుగు.

మంత్రయ్యాక ఆయన చేసిన గొప్ప పని దొంగ సర్టిఫికెట్ల చట్టం. అబద్ధపు కాగితంతో వచ్చిన ఉద్యోగం ఎన్నేళ్లదైనా సరే, ఊడినట్టే. దేశంలో పదకొండు వేలమంది ఇళ్లకి పోయారు. ఆయన మాత్రం కడిగిన ముత్యమని పత్రికలు రాశాయి. కిందటి నెల ఢిల్లీకి ఒక ఉత్తరం వెళ్లింది. మంత్రిగారి మొట్టమొదటి ఉద్యోగం ఎలా వచ్చిందో కనుక్కోమని, అంతే అందులో ఉంది. విచారణ మొదలైంది, ఆయన రాజీనామా ఇచ్చాడు.

ఇందులో మోహనకృష్ణకి తెలియని ముక్క ఒకటుంది. జగ్గారావు ఇప్పుడు నటించక్కర్లేదు. పది నెలలుగా ఆయనకి నిజంగానే ఏమీ కనిపించడం లేదు. ఆ సంగతి తండ్రీ కూతుళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

పెరటి తలుపు కిర్రుమంది.

"జగ్గన్నా! ఉన్నావేటి?"

ఏబెల్ వచ్చాడు. జగ్గారావుతో ఇరవయ్యేళ్లు ఒకే వర్క్‌షాపులో పనిచేసినవాడు. రివెట్ల మోతలో ఒక చెవి పూర్తిగా పోయి, తను అరుస్తున్న సంగతి తనకే తెలియని మనిషి. వీధిలో టీవీవాళ్లు గుమ్మం ఎక్కి కూర్చున్నారని వెనకనుంచి వచ్చాడు గానీ, ఆ గొంతుకి ముందూ వెనకా ఒకటే.

మోహనకృష్ణ చటుక్కున లేచాడు. "మావయ్యా, మెల్లగా."

"ఆఁ?"

"మెల్లగా మాటాడు! బయట జనం ఉన్నారు."

"ఉండనీ బావూ. నీతో ఒక మాట సెప్పాల. ఎవలెవలి మీదో అనుమానపడతన్నావంట. ఆ ఉత్తరం రాసింది నానే."

సత్యవాణి చేట కింద పెట్టింది.

"నువ్వా?" అన్నాడు మోహనకృష్ణ. "నన్ను ఎత్తుకు తిప్పినోడివి!"

"తిప్పినాను. కాదనలేదు కదా. మా కొడుకు సిరిల్‌కి నా సెవుడు మీదే ఉజ్జోగం వచ్చింది. నాకు పోయింది ఒక సెవి, కాగితం మీద రెండూ పోనాయని రాయించుకున్నాను. తప్పే. నీ చట్టం వచ్చింది, ఆడి ఉజ్జోగం ఎల్లిపోనాది. నెలాఖరుకి రైల్వే కోటరు ఖాళీ సెయ్యమన్నారు. ముగ్గురు పిల్లలు ఆడికి. తప్పు సేసినాం, అనుభవిస్తన్నాం అనుకున్నాను." ఏబెల్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ మర్నాడు నువ్వు టీవీలో కనిపించినావు. 'అబద్ధం చెప్పి తెచ్చుకున్న తిండి విషంతో సమానం' అన్నావు. ఆ మాట ఎవలైనా అనొచ్చు బావూ. నువ్వు అనకూడదు."

"నాతో చెప్పొచ్చు కదా? సిరిల్‌కి నేను ఏదో ఒకటి..."

"నీ దగ్గరకి ఎలా రావాలి? మూడు రోజులు ఢిల్లీలో నీ గేటు దగ్గర నిలబడి వచ్చీసినాడు ఆడు."

మోహనకృష్ణ మొహం ఎర్రబడింది. "ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా! తిన్నింటివాసాలు లెక్కపెట్టావు మావయ్యా నువ్వు."

"నోర్ముయ్యరా!" జగ్గారావు మంచం మీంచి అరిచాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ గొంతు ఆ స్థాయిలో వినిపించింది. "ముప్పై ఎనిమిదేళ్లు నా గుట్టు కడుపులో దాసుకున్నోడు. రాసే ముందర నా దగ్గరికొచ్చి, రాయనా జగ్గన్నా అని అడిగినాడు. రాయమని నానే సెప్పినాను."

మోహనకృష్ణ తండ్రి వైపు తిరిగాడు. కన్నతండ్రే తన కాళ్లకింద గొయ్యి తవ్వాడన్న మాట ఆయన బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. తర్వాత చెల్లెలి జబ్బ పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లాడు.

"వాణీ, నువ్వు చెప్పు. నీ మాటే వింటాడు. డాక్టర్ల ముందు ఒక్క గంట ఎప్పట్లాగే ఉండమను. రెప్ప కదపకుండా."

"నాను సెప్పను."

"ఎందుకు చెప్పవు? నేను మునిగితే నువ్వూ మునుగుతావు, తెలుసా? ప్రతి నవంబర్‌లో పెన్షన్ కాగితం మీద 'అంధుడు, తోడు కూతురు' అని సాక్షి సంతకం పెట్టావు. తెలిసి పెట్టిన సంతకానికి మూడేళ్ల జైలు. చట్టంలో ఉంది."

"ఆ చట్టం రాసినోడివి నువ్వే కదా అన్నియ్యా. ఆ ముక్క రాసినప్పుడు నాను గుర్తు రాలేదేటి?"

ఆయన చూపు తిప్పుకున్నాడు. పొయ్యి మీద పప్పు పొంగింది. ఆమె మంట తగ్గించి, మూత కాస్త పక్కకి జరిపింది. ఇక చెప్పకుండా ఉండడం ఆమె వల్ల కాలేదు.

"ఆయన నటించక్కర్నేదు. ఆయనకి నిజంగానే కనపడదు."

"ఏమిటి?"

"రెండు కళ్లూ పోనాయి. నీటికాసులంట. పది నెలలయింది పూర్తిగా పోయి. అంతకు ముందర ఏడాది పొడుగునా దీపం సుట్టూ రంగులు కనబడతన్నాయనీవాడు. పక్కనున్న గ్లాసు తగిలి పడిపోయీది."

"మరి డాక్టరుకి చూపించలేదా?"

"ఏటని సూపించాల?" సత్యవాణి గొంతు మొదటిసారి లేచింది. "ఆసుపత్రి కార్డు మీద గుడ్డోడని రాసుంది. గుడ్డోడికి సూపు తగ్గతందని సెప్పి ఎలా తీసికెల్తాను? బయట డాక్టరంటావా? ఈ ఊళ్లో ఆయన్ని ఎరగనోడెవడు? గోడల నిండా మీ ఇద్దరి బొమ్మే కదా. నీకు మూడుసార్లు ఫోన్ సేసినాను. ప్రతిసారీ నీ పీఏ ఎత్తి, సార్ బిల్లు పనిలో ఉన్నారు దీదీ, విషయం నాతో చెప్పండి అన్నాడు. ఆడితో ఏటని సెప్పను? సుక్కల మందు ఏస్తే నిలబడీవి కళ్లు, అన్నియ్యా. ఆ మాట తరవాత బెంగాలీ డాక్టరొకాయన రేడియోలో సెప్పినాడు. ఈయన మంచం మీద కూకుని ఇన్నాడు. ఇని, అమ్మీ, రేడియో కట్టీ అన్నాడు. అంతే."

మోహనకృష్ణ గోడకి ఆనుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదు. సత్యవాణి చూసింది, కాదనకూడదు. అన్నయ్య మీద ఆమెకి జాలి కూడా కలిగింది.

కానీ ఆ నీళ్లు ఆరకముందే ఇంకేదో వచ్చింది ఆ మొహంలోకి. మూడు రోజులుగా బిగుసుకుపోయిన దవడ వదులైంది. ఆయన పొడుగ్గా ఊపిరి వదిలాడు.

"అయితే డాక్టర్లు ఎలా చూసినా భయం లేదన్నమాట."

తోడబుట్టినవాణ్ని అసహ్యించుకోవడం ఎలా ఉంటుందో సత్యవాణికి అంతవరకూ తెలియదు.

"నాన్న ఏదైనా వాగినా ఫరవాలేదు," అంటున్నాడాయన, అప్పుడే లెక్కలో పడిపోయి. "ఎనభై నాలుగేళ్లు. మతిమరుపని నేను చెప్తాను. నువ్వు ఔనంటే చాలు. ఔనని కూడా అనొద్దు, ఊరికే ఉండు. ఇన్నేళ్లూ ఉన్నావు కదా."

"అన్నియ్యా, తువ్వాలు తడిపి నా సేతికి ఇచ్చిందెవరో గుర్తుందేటి?"

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అమ్మ ఒద్దని ఏడ్సింది. నాన్న ఎనకాడినాడు. కళ్లయితే ఎవలూ పట్టుకోలేరని సెప్పింది నువ్వు. నాకు ఏటీ తెల్దు, మా నాన్న పుట్టు నిజాయితీపరుడని పార్లమెంటులో సెప్పింది కూడా నువ్వే."

"ఇరవయ్యేళ్ల గుంటణ్నే అప్పుడు!" ఢిల్లీలో పాతికేళ్లు నునుపు పట్టిన నాలుక మీదికి సొంత మాట తన్నుకొచ్చింది. "ఏటి సెయ్యమంటావు నన్ను? పరీక్ష రెండుసార్లు పోనాది. ఎల్లడానికి దారేది నాకు? ఆ తరవాత నాను సేసిన మంచి అంతా ఎవలు సేసినట్టు?"

ఆయన మంచి కూడా చేశాడు. దేశంలో ఎంతమంది దొంగ డాక్టర్లు ఆయన వల్ల కటకటాల పాలయ్యారో ఆమెకి తెలుసు, ఆ వార్తలు తండ్రికి చదివి వినిపించింది తనే.

వీధి తలుపు తట్టారు.

వచ్చిన డాక్టరు ఒక్కరే, కోల్‌కతా నుంచి పెద్దావిడ. తల నెరిసిన బెంగాలీ మనిషి. వెంట విచారణాధికారి, చంకలో ఫైలు. టీవీవాళ్లు గుమ్మంలోంచి తోసుకురాబోతే కానిస్టేబుల్ తలుపేశాడు. ఏబెల్ పెరటి మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు, ఆయనా లేవలేదు.

జగ్గారావుకి నల్లద్దాలు లేవు. డాక్టరమ్మ ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా పైకెత్తింది. లైటు వేసి చూసింది, చిన్న పరికరం కంటికి ఆనించి చూసింది, వేళ్లాడించింది. అడిగినవన్నీ బెంగాలీలో అడిగింది, ఆయన బెంగాలీలోనే జవాబు చెప్పాడు. పావుగంట తర్వాత ఆవిడ పరికరాలు సర్దుకుంటూ, "పూర్తిగా చూపు లేదు," అంది. "రెండు కళ్లకీ నరం ఎండిపోయింది."

మోహనకృష్ణ చేతులు జోడించాడు.

"ఎన్నాళ్ల కిందట పోయింది?" విచారణాధికారి అడిగాడు.

"ఈ దశలో చెప్పలేం. ముప్పయ్యేళ్లు కావచ్చు, ఏడాది కావచ్చు."

"పది నెలలు!" అన్నాడు జగ్గారావు హిందీలో, గట్టిగా. "పది నెలలు సార్. అంతకు ముందర శుభ్రంగా కనపడేది. నేను దొంగని. రాసుకోండి."

"నాన్నా..." మోహనకృష్ణ తండ్రి భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి ఎంతో ప్రేమగా పడింది. అధికారి వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "రెండు మూడేళ్లుగా ఆయనకి మతి సరిగ్గా ఉండడం లేదు. మొన్న ఎవరో చచ్చిపోయిన స్నేహితుణ్ని పిలుస్తున్నారు. ఈ గొడవంతా విని మనసులో పెట్టుకున్నారు పాపం."

తనకి మతి ఉందని ఏ మనిషైనా ఎలా రుజువు చేస్తాడు? జగ్గారావు చెయ్యి గాలిలో తడిమి, అలవాటుగా కూతురి భుజం కోసం వెతికింది. ఆమె ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మీరే కదా ఆయన్ని చూసుకునేది?" అధికారి కాగితం తీశాడు. "ఇన్నేళ్లూ మీ సంతకాలే ఉన్నాయి. మీరు చెప్పింది రాసుకుని ముగించేస్తాను. ఈయనకి చూపు పోయి ఎంతకాలమైంది?"

"దాన్ని అడక్కండి," అన్నాడు జగ్గారావు. "దానికేమీ తెలియదు."

"వాణీ," అన్నాడు మోహనకృష్ణ తెలుగులో, పెదాలు కదిలీ కదలకుండా. "మూడేళ్లు. బెయిలు కూడా రాదు. ఆలోచించుకో."

అది బెదిరింపా, ప్రేమా? ఆమె తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆమెకి భయం వేసింది. తను జైలుకెళ్తే రేపు పొద్దున్న ఈయనకి మొహం ఎవరు కడుగుతారన్నది మొదటి ఆలోచన. 'ఊరికే ఉండు, ఇన్నేళ్లూ ఉన్నావు కదా' అన్న మాట దాని వెనకే వచ్చింది.

"నాన్నకి మతి బాగానే ఉంది సార్," అంది సత్యవాణి హిందీలో. "ఆయన చెప్పింది నిజం. పది నెలలే. అంతకుముందు ఆయనకి కనిపిస్తుందని తెలిసే నేను సంతకాలు పెట్టాను. అన్నీ తెలిసే పెట్టాను."

జగ్గారావు చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుంది. "అమ్మీ, ఎంత పని సేసీసినావే..." అని ఆయన ఏడ్చాడు. చూపు లేని కళ్లకి కన్నీళ్లు మాత్రం తక్కువ కాలేదు.

అధికారి అది రాసుకున్నాడు. రాసి, కలం పట్టుకునే తలెత్తాడు.

"అప్పటికి మీకు పదహారేళ్లు. చిన్నపిల్ల. మీ నాన్నగారేమో చదువుకోని మనిషి. డాక్టర్లనే మోసం చెయ్యగల ఈ ఉపాయం మీ ఇంట్లో ఎవరికి తట్టింది?"

డాక్టరమ్మ సంచీ జిప్పు సగంలో ఆపింది. పెరటి మెట్టు మీద ఏబెల్ మంచి చెవి ఇటు తిప్పాడు.

సత్యవాణి అన్నయ్య వైపు చూసింది. ఆయన కూడా ఆమెనే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపలేదు, బతిమాలలేదు. చిన్నప్పుడు దెబ్బలు పడే ముందు నిలబడినట్టు నిలబడ్డాడు, అంతే. ఒక్క మాట చాలు. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది.

"మా అన్నయ్య ఇక్కడే ఉన్నారు కదా సార్," అంది. "నిజం చెప్పే మనిషని దేశమంతా ఆయనకే పేరు. ఆయన్నే అడగండి."

అధికారి కుర్చీ అటు తిప్పుకుని, కొత్త కాగితం మీద మోహనకృష్ణ పేరు రాసుకున్నాడు.

"చెప్పండి సార్. ఎవరికి తట్టింది?"